దేవుని గూట్లో ఫోను

ఈ ఉదయం మీ మలంలో రక్తం కనిపించిందా?

ముఖం చిట్లించారు కదా. చదువుకునే మనిషిని అడగవలసిన ప్రశ్నేనా ఇది అనుకున్నారు. పక్కన ఎవరైనా చూస్తున్నారేమోనని పేజీ కొంచెం వంచి పట్టుకున్నారు కూడా. ఈ ప్రశ్న నన్ను రోజూ అడుగుతారు. టీకి నీళ్ళు పెట్టే వేళకు నా ఫోను ఒక ఆడగొంతుతో అడుగుతుంది. కోపం లేని గొంతు, తొందర లేని గొంతు. "నిన్నటి నుంచి మలంలో రక్తం కనిపించిందా?" ఉంటే ఎర్ర గుండ్రం నొక్కాలి, లేకపోతే పచ్చ గుండ్రం నొక్కాలి. ఆ తర్వాత కడుపునొప్పి గురించి, మాత్రలు వేసుకున్నామా లేదా అన్న దాని గురించి అడుగుతుంది. ఒకప్పుడు ఆ గొంతు వింటే నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు వెన్ను చల్లబడుతుంది.

నాది పెద్దపేగు లోపలి గోడకు పుండ్లు పడే జబ్బు. తగ్గుతుంది, పోదు. నెలల తరబడి ఊరుకుని, ఏ కారణమూ చెప్పకుండా మళ్ళీ లేస్తుంది. వనపర్తిలో పాఠం చెబుతూ చెబుతూ, వాక్యం సగంలో వదిలి, చాక్‌పీసు బల్ల మీద పడేసి పరుగెత్తిన రోజులున్నాయి. బస్సెక్కే ముందు, సభకు వెళ్ళే ముందు, పెండ్లికి వెళ్ళే ముందు నాకు ఒకటే ఆలోచన. అక్కడ మరుగుదొడ్డి ఉందా, ఉంటే దాని తలుపుకు గడియ ఉందా.

జబ్బుకు పేరు తెలియని రోజుల్లో పెద్దమందడి నుంచి మా మేనత్త వచ్చింది. నన్ను చూసి, "ఎవరో నీకు మందు పెట్టిన్రే. కడుపుల పేరుకపోయింది. తీపిచ్చుకో" అంది. అన్నంలో ఎవరో ఏదో కలిపి పెట్టారని, అది పేగుకు అంటుకుని ఉందని ఆమె నమ్మకం. మందు తీసేవాడి దగ్గరికి నేను వైద్యానికి కాదు, వాదనకు వెళ్ళాను. అతను నా పొట్టమీద గొట్టం పెట్టి పీల్చి, నోట్లోంచి ఒక నల్లటి ఉండ ఉమ్మి చూపించాడు. ఆ ఉండను చెంబులో నీళ్ళు పోసి పిసికాను. చింతపండు, నాలుగు వెంట్రుకలు.

"ఇది నీ బుగ్గల ఉండె. నా కడుపుల కాదు" అన్నాను.

మేనత్త చాలాకాలం నాతో మాట్లాడలేదు. నేను అట్లా పెరిగాను. మా నాన్న చిన్నప్పటి నుంచి నన్ను వాదసభలకు వెంట తీసుకుపోయేవాడు. ఎదుటి మనిషి మాట పూర్తిగా విను, ఆ తర్వాత రుజువు అడుగు అనేవాడు. అట్లాంటి ఇంట్లో పుట్టినదానికి, నెత్తురుందా లేదా అని మాత్రమే అడిగే ఫోను నచ్చకుండా ఎట్లా ఉంటుంది? దానికి దిష్టి లేదు, శాపం లేదు, పూర్వజన్మ పాపం లేదు. ఉన్నదా, లేదా. అంతే.

ఆ ప్రశ్నలడిగే యాప్‌ను మా ఫోన్లలో పెట్టించింది కర్నూలులో మమ్మల్ని చూసే పేగుల డాక్టరు. కొంతకాలం వాడాక, ఎట్లా ఉందో చెప్పమని రోగులందరినీ ఒక మధ్యాహ్నం పిలిచారు. గద్వాల వైపు వాళ్ళకు కర్నూలే దగ్గర, నాకూ అదే దగ్గర. నాగర్‌కర్నూలు నుంచి వరికోత మిషను నడిపే ఒకాయన వచ్చాడు. ఇటిక్యాల దగ్గరి పల్లె నుంచి ఒక యువతి, వెంట ఆమె అత్త వచ్చారు. ఆ యువతి విత్తనాల కోసం వేసే సీడుపత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోతుంది. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో రుద్దే పని అది, పొద్దుటి పూటే చేయాలి. భర్త పుణెలో కట్టడాల పనిలో ఉన్నాడు. ఇంట్లో అత్తాకోడళ్ళు, ఒక చిన్న పాప, ఇంటి మొత్తానికి ఒక ఫోను.

యాప్ చేసినవాళ్ళ తరఫున వచ్చిన ఒక అమ్మాయి నిలబడి, ఈ యాప్ వాడటం సౌకర్యంగా ఉందా అని అందరినీ అడిగింది. ముందుగా కోత మిషనాయన లేచాడు.

"మంచిగుంది మేడం. మా ఇంటామెకు చెప్పని ముచ్చట్లు దీనికి చెప్తున్న. ఇది మొకం అదోలెక్క పెట్టదు గద. గాని ఒక్కటి. నేను మిషిను మీదున్నప్పుడు నెత్తురు నెత్తురని మొత్తుకుంటది. ఎవనికి కొడవలి తెగిందో అని కూలోల్లంత ఉరికొస్తున్నరు. జర సప్పుడు తక్కువ పెట్టున్రి."

అందరం నవ్వాం. చదవడం రానివాళ్ళ కోసమే గొంతు పెట్టామని, నొక్కిన జవాబును కూడా అది పైకి చదువుతుందని ఆ అమ్మాయి చెప్పింది.

తర్వాత ఇటిక్యాల వైపు యువతి లేచింది. "నాకైతే శాన నచ్చింది. పెండ్లయినకాంచి నీ కడుపెట్లుందని ఒక్కలన్న అడిగిన్రా నన్ను? ఇది రోజు అడుగుతది. మర్సిపోదు."

"అగో, నేను అడుగనానె?" అంది పక్కనున్న అత్త. "ఇంకెంతసేపు కూసుంటవే ఆడ, అని రోజు అడుగుత గదా."

కోడలే అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో పై పలువరుస పక్కన ఒక పన్ను మీద పన్ను కనిపించింది. ఇప్పటికీ నాకు మొదట అదే గుర్తుకొస్తుంది.

డాక్టరు ఆమెను విడిగా పిలిచి, నేను వింటుండగానే చెప్పాడు. "మీది ముదిరిన జబ్బు. మీరు నొక్కిన రంగును బట్టే మాత్రలు పెంచుతాం, తగ్గిస్తాం. ఎరుపు వరుసగా వస్తే ఆ రోజే బయలుదేరి రండి. ఆలస్యమైతే పేగు ఉబ్బి పగులుతుంది. అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు." ఆమె బతుకంతా ఆ రెండు గుండ్రాల మీద నిలబడి ఉందని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. తల ఊపింది.

ఆ యాప్‌లో ఒకరికొకరు తోడు ఉండే ఏర్పాటుంది. తోడున్న రోగి ఆ పూట ఏ రంగు నొక్కిందో మనకు చుక్కలా కనిపిస్తుంది. తనకు ఎవరు కావాలని అడిగితే ఆమె నా వైపు చూపించింది. "ఈ అక్కను పెట్టున్రి. పంతులమ్మ గద. నేను ఒత్తకుంటే కొడ్తది."

అట్లా ఆమె చుక్క నా ఉదయాల్లోకి వచ్చింది. నేను ఫోను చేతిలోకి తీసుకునే సరికే అది వెలిగి ఉండేది. అప్పుడప్పుడు చేనులోంచి తనే మాట్లాడేది. పాప బడికి పోనని మారాం చేసిందని, పుణె నుంచి ఆయన పంపిన చెప్పులు బిగుతయ్యాయని చెప్పేది. కడుపు సంగతి మాత్రం, "ఫోనుకు చెప్పిన గద అక్కా, మల్ల నీకెందుకు" అని తప్పించుకునేది. పత్తి పూతకు వచ్చే రోజుల్లో ఒక ఉదయం ఎర్రచుక్క కనిపించింది. నేను ఫోను చేసేలోపే కర్నూలు నుంచి వాళ్ళింటి ఫోనుకు కాల్ వెళ్ళింది, మాత్రలు పెంచారు. రెండు రోజుల్లో చుక్క పచ్చబడింది. ఆ తర్వాత అంతా పచ్చే. చేను నుంచి ఆమె ఫోన్లు ఆగిపోయాయి. నేను చేస్తే అత్త ఎత్తి, "పని మీదుంది బిడ్డా" అనేది. చుక్క పచ్చగా ఉంది కదా, పనిలో పడి ఉంటుందిలే అనుకున్నాను.

మూఢనమ్మకాల మీద మాట్లాడమని గద్వాలలో ఒక సభకు పిలిచారు. పొద్దున బయలుదేరే ముందు చూశాను, ఆమె చుక్క పచ్చగా ఉంది. సభలో మందు తీసేవాడి చింతపండు ఉండ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుని, మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని ఆమె ఊరికి వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరచాలని.

ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. పక్కన గొడ్ల కొట్టం. కొట్టం మూలలో గోనెసంచుల మీద ఎవరో ముడుచుకుని పడుకుని ఉన్నారు. ఎవరో ముసలామె అనుకున్నాను. పక్కన ఒక సత్తు పళ్ళెం, ఒక చెంబు, ఒక ప్లాస్టిక్ బక్కెట్టు. ఆ మనిషి తల ఎత్తింది. కళ్ళకింద బూడిద రంగు, ఎముకలకు అంటుకున్న చెంపలు.

"అక్కా, దగ్గరికి రాకు. ముట్టుడున్న."

"ఎప్పటి నుంచి?"

"సీడుపత్తి పూత పట్టిననాటి నుంచి."

నాకు అర్థం కాలేదు. ఆమె ఆగి ఆగి చెప్పింది. వాళ్ళింట్లో కరెంటు ప్లగ్గు దేవుని గూడు పక్కనే ఉంది. ఫోను ఎప్పుడూ ఆ గూట్లోనే చార్జింగుకు పెడతారు. ఆ రోజు ఆమె ఎర్రది నొక్కగానే, అత్త దీపం పెడుతుండగా, ఫోను ఇల్లంతా వినపడేలా పలికింది. "రక్తం ఉంది అని నమోదు చేశాం." అప్పుడే ఆమెను బయటికి పంపారు. నెత్తురు ఆగేదాకా గూడు తాకకూడదు, పొయ్యి తాకకూడదు, పాపను పక్కన పడుకోబెట్టుకోకూడదు. చేనుకు కూడా పోకూడదు, ముట్టు మనిషి చేయి పడితే కాయ నిలవదట. గూట్లో ఉంది కాబట్టి ఫోనూ తాకకూడదు. కానీ ఇది నెలకొకసారి వచ్చి పోయే నెత్తురు కాదు. ఆగలేదు. ఆమె లోపలికి పోలేదు.

"మరి చుక్క?" అన్నాను. "ఇయ్యాల పొద్దున కూడ పచ్చది వచ్చింది. ఎవరు ఒత్తుతున్నరు?"

"అత్త."

చేను నుంచి అత్త అప్పుడే వచ్చింది. నన్ను చూసి సంబరపడింది. "ఎప్పుడొచ్చినవు బిడ్డా? గా ఎండల నిలవడ్డవేంది, లోపల కూసో."

"పెద్దమ్మా, ఈమెను ఎందుకు బయట పండవెట్టిన్రు? ఇది ముట్టు నెత్తురు కాదు. పేగు నెత్తురు."

"నెత్తురు నెత్తురే గద. ఏ దారిల పోతేంది?"

"మీ కాలుకు గొడ్డలి తాకి నెత్తురు కారితే మిమ్ముల కొట్టంల కూసోపెడ్తరా?"

"కాలు కాలే. కింది నెత్తురు వేరు. నువ్వు సదువుకున్నదానివి, నీ ఇంట్ల నువ్వెట్లన్న ఉండు. మా గూట్ల దేవుడున్నడు."

"మరి ఫోనుల నెత్తురు లేదని ఎందుకు ఒత్తుతున్నరు? ఉన్నది గదా!"

ఆమె నన్ను చిత్రంగా చూసింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఎర్రది ఒత్తిననాడే గద ఇదంత షురువైంది? మల్ల ఎర్రదెందుకు ఒత్తుత? తానం జేసి, దీపం ముట్టిచ్చి, పచ్చది ఒత్తినంకనే చేనుకు పోత. ఒక్కనాడు మర్వలేదు. నా కోడలు మంచిగుండాలెనని నాకుండదా? నీకు నమ్మకం లేకుంటె ఫోన్‌నే అడుగు. పచ్చది ఒత్తంగ ఒత్తంగ, మెరుగువడ్డది, మాత్రలు తగ్గియ్యున్రి అని అదే చెప్పింది. గా గొంతే చెప్పింది."

లోపలికి వెళ్ళి గూట్లోంచి ఫోను తెచ్చి చూపించింది. దాని అంచుకు పసుపు పూసి ఉంది, నడుమ ఒక కుంకుమ బొట్టు. అద్దం మీద, పచ్చ గుండ్రం ఉండే చోట, వేలిముద్రల జిడ్డు తేలి ఉంది. కర్నూలు నుంచి వచ్చిన సందేశం కూడా ఉంది. వరుసగా పచ్చచుక్కలు వచ్చాయి కాబట్టి అక్కడ మాత్రలు నిజంగానే తగ్గించారు.

రుజువు అడగడం నేర్చుకుని పెరిగినదాన్ని నేను. ఆమె నాకు రుజువు చూపించింది. నమ్మింది, చేసింది, ఫలితం వచ్చిందని డాక్టరు యంత్రమే ఆమెకు చెప్పింది. ఏ మందు తీసేవాడికీ ఇంత గట్టి సాక్ష్యం దొరకలేదు.

కోడలు మూలిగింది. నేను సంచుల మీద కూర్చుని ఆమె పొట్ట మీద చెయ్యి వేశాను. డోలు చర్మంలా బిగిసి ఉంది. "పెద్దమ్మా, ఒక్కసారి తాకి చూడున్రి" అన్నాను. ఆమె వెనక్కి జరిగింది. "మీ దేవునికి నేను జవాబు చెప్త. జర తాకున్రి."

ఆమె వంగి, వేళ్ళ కొసలతో తాకింది. ఆ తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టింది. ముఖం మారిపోయింది. "ఓ నా తల్లీ, గిట్ల రాయి లెక్కున్నదేందే! నాకెందుకు చెప్పకపోతివే?" అంటూ కోడలి తలను రెండు చేతులతో ఎత్తి ఒడిలో పెట్టుకుంది. ముట్టూ లేదు, మైలా లేదు. నన్ను తెచ్చిన ఆటోలోనే బయలుదేరాం. పాపను పక్కింటివాళ్ళకు అప్పగించాం. దారి పొడుగునా అత్త కోడలి నుదురు తుడుస్తూనే ఉంది. తుంగభద్ర వంతెన మీద కోడలు ఒకసారి కళ్ళు తెరిచి, "ఇయ్యాల ఒత్తినవా అత్తా?" అని అడిగింది.

"ఒత్తిన బిడ్డా. పచ్చదే ఒత్తిన."

కర్నూలు దవాఖానలో డాక్టరు మొదట తెరను చూశాడు. "అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె దుప్పటి తొలగించాడు. మళ్ళీ తెర వైపు చూడలేదు. వెంటనే ఆపరేషను గదిలోకి తీసుకుపోయారు. పేగు అప్పటికే పగిలి ఉంది. మర్నాడు ఉదయం, మామూలుగా ఆ గొంతు అడిగే వేళకు, ఆమె పోయింది. పుణె నుంచి భర్త వచ్చేసరికి ఊళ్ళో అన్నీ సిద్ధం చేసి అతని కోసం ఎదురుచూస్తున్నారు.

దయ్యాలు లేవని నేను ఊరూరా చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ కర్మకాండ ముగిసిన కొద్ది రోజులకు, టీ పొయ్యి మీద ఉండగా, ఆమె పేరు పక్కన చుక్క వెలిగింది. పచ్చగా. అది ఎవరి వేలో ఒక్క క్షణంలోనే నాకు తెలిసింది. కానీ ఆ ఒక్క క్షణం ముందు నేను ఏమనుకున్నానో ఎవరికీ చెప్పలేను. పన్ను మీద పన్నున్న ఆ నవ్వు వంటగదిలో నా వెనక నిలబడింది.

ఫోను చేశాను. అత్త ఎత్తింది.

"పెద్దమ్మా, ఇంకెందుకు ఒత్తుతున్నరు?"

"పోయినకాడన్న మంచిగుండాలెనని, బిడ్డా."

"ఆమె లేదు గద పెద్దమ్మా."

ఎక్కడో కోడి అరిచింది, పాప ఏదో అడిగింది. తర్వాత ఆమె నెమ్మదిగా అంది. "అయితే ఎర్రది ఒత్తమంటవా? ఇప్పుడొత్తితే వస్తడా డాక్టరు?"

ఆ పేరు తీసేయమని కర్నూలుకు చెప్పాను. రోగి ఫోను నుంచే తీసేయాలి మేడం, అన్నారు. ఆ ఇంటికి వెళ్ళి ఆ ఫోను నేను ఇంకా అడగలేదు. చుక్క వస్తూనే ఉంది. పొద్దున్నే లేచి, చూడకూడదనుకుంటూనే చూస్తాను.

యాప్ చెడ్డదని చెప్పడానికి ఇది రాయలేదు. నేను ఇప్పటికీ వాడుతున్నాను, కోత మిషనాయనకు దాని వల్లే పేగు మిగిలింది. అది అడిగిన ప్రశ్న సరైనదే. కానీ మనిషికొక ఫోను ఉంటుందని, దానికి జవాబిచ్చే వేలు రోగిదేనని, నెత్తురంటే ఇంటిల్లిపాదికీ ఒకటే అర్థమని దాన్ని చేసినవాళ్ళు అనుకున్నారు. మన ఇళ్ళు అట్లా లేవు. ఆ అత్త గూట్లోని దేవుణ్ణి నమ్మింది. డాక్టరు తెరను నమ్మాడు, నేనూ నమ్మాను. కొట్టంలో పడుకున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. యంత్రం వచ్చిందంటే మూఢత్వం పోయిందని సంబరపడే నా తోటి హేతువాదులకూ ఇదే చెబుతున్నాను. యంత్రానికి పసుపు పూయడానికి మనకు ఒక్క పూట చాలు.

ఇక మీతో. మొదట అడిగిన ప్రశ్నకు మీరు ముఖం చిట్లించారే, ఆ సిగ్గు పక్కన పెట్టండి. మీ ఇంట్లోనో, మీ వాడలోనో నెత్తురు పోతోందని దూరంగా కూర్చోబెట్టిన ఆడమనిషి ఉంటే, దీన్ని ఇక్కడే వదిలేసి లేవండి. వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోండి. నెత్తురు ఎక్కడి నుంచి పోతోందో, ఎన్నాళ్ళ నుంచి పోతోందో ఆమె నోటితోనే చెప్పించుకోండి. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంట్లోవాళ్ళు అడ్డం వస్తే వాళ్ళ చేతిని కూడా పట్టుకుని ఆమె పొట్ట మీద పెట్టించండి. ఆమెను లోపలికి తీసుకురండి, ఇవాళే దవాఖానకు తీసుకుపోండి.